ఓలే ఎవిన్‌రూడ్

ఓలే ఎవిన్‌రూడ్ (ఏప్రిల్ 19, 1877 - జూలై 12, 1934) నార్వే దేశంలో జన్మించి అమెరికాలో స్థిరపడిన యంత్ర నిర్మాత, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. చిన్న పడవ వెనుక అంచుకు మరలతో బిగించి, పని ముగిసిన తరువాత విప్పి ఒడ్డుకు తెచ్చుకోగలిగే పెట్రోలు మోటారును నమ్మకంగా పనిచేసే రూపానికి తెచ్చి, సామాన్యులకు అందుబాటులోకి తెచ్చిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. ఇటువంటి మోటారును అవుట్‌బోర్డు మోటారు అంటారు. ఈయన స్థాపించిన సంస్థలు, ఈయన పేరుతో వెలువడిన మోటార్లు శతాబ్దానికి పైగా ప్రపంచంలోని సరస్సులలోను, నదులలోను, సముద్ర తీరాలలోను పనిచేశాయి. ఒకే మనిషి పడవ వెనుక కూర్చొని చుక్కాని, వేగం, దిశ మూడింటినీ తన చేతితోనే అదుపు చేయగలగడం ఈ మోటారు తెచ్చిన ముఖ్యమైన మార్పు.

జననం, బాల్యం

ఓలే నార్వేలోని యోవిక్ పట్టణ సమీపాన హున్‌డాలెన్ ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. పుట్టినప్పటి పేరు ఓలే ఆండ్రియాసెన్ ఆస్లుందేయె. ఆ దేశంలో ఆ కాలాన నివసించే పొలం పేరునే ఇంటిపేరుగా పెట్టుకొనే ఆచారం ఉండేది. ఎవెన్‌రూడ్ అనే పొలం పేరు నుండే తరువాతి కాలంలో ఎవిన్‌రూడ్ అనే ఇంటిపేరు ఏర్పడింది.

19వ శతాబ్దపు చివరి భాగంలో నార్వే నుండి వేలాది కుటుంబాలు సాగుభూమిని వెదుక్కుంటూ అమెరికాకు తరలిపోయాయి. ఓలే తండ్రి ముందుగా వెళ్ళగా, 1882లో తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఓడ ఎక్కింది. అప్పటికి ఓలే వయస్సు ఐదేళ్ళు. ఆ ప్రయాణంలో బాలుడు కనిపించకుండా పోయినప్పుడల్లా ఓడ ఇంజన్ గదిలో దొరికేవాడని ఆయన జీవితచరిత్రలు రాసినవారు చెబుతారు. కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి గ్రామ సమీపాన, రిప్లీ సరస్సు ప్రాంతంలో వ్యవసాయం చేస్తూ స్థిరపడింది.

ఓలేకు బడి చదువు కొద్దిపాటితోనే ముగిసింది. చిన్ననాటి నుండే పొలం పనులలో దిగవలసి వచ్చింది. అయితే పాడైన వ్యవసాయ పరికరాలను విప్పి బాగుచేయడంలో మంచి నేర్పు చూపేవాడు. ఈ దశలో జరిగిన ఒక సంఘటనను చరిత్రకారులు తప్పక ప్రస్తావిస్తారు. యుక్తవయస్సులో ఓలే స్వయంగా ఒక తెరచాప పడవను తయారుచేయసాగాడు. కొడుకు కూడా సముద్రం బాట పడతాడేమోనని భయపడిన తండ్రి, సగంలో ఉన్న ఆ పడవను పగులగొట్టి వంటచెరకు చేశాడట. ఓలే ఎదురు చెప్పలేదు, పట్టుదలా విడువలేదు. రహస్యంగా మరొక పడవను తయారుచేసి సరస్సులో దింపాడు. అది చక్కగా నడవడం చూసిన తరువాత తండ్రి మెత్తబడ్డాడు. సెలవులకు వచ్చిన యాత్రికులను ఎక్కించుకొని ఓలే ఆ పడవతో కొంత ఆదాయం కూడా సంపాదించాడు.

యంత్రవిద్యాభ్యాసం

పదహారేళ్ళ వయస్సులో ఓలే ఇల్లు విడిచి రాష్ట్ర రాజధాని మాడిసన్ నగరానికి వెళ్ళి, వ్యవసాయ యంత్రాల కర్మాగారంలో పనికి కుదిరాడు. పగలు పని చేస్తూ, రాత్రివేళ గణితం, యంత్రశాస్త్రం పుస్తకాలు చదువుకొనేవాడు. ఆయన కళాశాల మెట్లెక్కలేదు. కర్మాగారమే ఆయన పాఠశాల. తరువాత పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారాలలోను, చికాగోలోను పనిచేసి లోహాల స్వభావాన్ని, పోతపనిని, యంత్ర పరికరాల వాడకాన్ని నేర్చుకొన్నాడు.

అనంతరం మిల్వాకీ నగరంలో ఆవిరి యంత్రాల తయారీకి పేరుపొందిన ఇ. పి. ఆలిస్ కంపెనీలో నమూనా తయారీదారుగా చేరాడు. లోహాన్ని కరిగించి పోతపోయడానికి ముందు ఆ భాగపు ఆకారాన్ని కొయ్యతో ఖచ్చితమైన కొలతలకు చెక్కవలసి ఉంటుంది. ఈ పని చేసేవారికి చేతినేర్పుతో పాటు, యంత్రం మొత్తాన్ని మనసులో చూడగల ఊహాశక్తి అవసరం. ఓలే తరువాతి జీవితంలో రూపొందించిన మోటార్లన్నింటిలోను ఈ శిక్షణ కనబడుతుంది.

మిల్వాకీలో తొలి ప్రయత్నాలు

1900 ప్రాంతంలో అమెరికాలో గుర్రపు బండ్ల స్థానాన్ని మోటారు బండ్లు ఆక్రమించడం అప్పుడే మొదలైంది. ఓలే ఒక భాగస్వామితో కలిసి క్లెమిక్ అండ్ ఎవిన్‌రూడ్ అనే చిన్న సంస్థను నెలకొల్పి, అడిగినవారికి పెట్రోలు ఇంజన్లు, వాటి భాగాలు తయారుచేసి ఇచ్చేవాడు. తరువాత మోటారు కార్లకు అవసరమైన ఇంజన్ల తయారీకి పూనుకొన్నాడు. ఆయన వద్ద నేర్పుకు కొరత లేదు. లెక్కలు చూసుకోవడం, ఉత్తరాలు రాయడం, బాకీలు వసూలు చేయడం మాత్రం ఆయనకు చేతకాని పనులు. అందువల్ల ఈ తొలి ప్రయత్నాలు నిలదొక్కుకోలేకపోయాయి.

అదే నగరంలో ఆ రోజుల్లోనే విలియం హార్లే, డేవిడ్‌సన్ సోదరులు మోటారు సైకిలు తయారీకి ప్రయత్నిస్తున్నారు. వారి తొలి ఇంజను విషయంలో ఓలే సహాయపడినట్లు హార్లే-డేవిడ్‌సన్ సంస్థ చరిత్రను రాసినవారు పేర్కొంటారు.

బెస్ కారీతో వివాహం

ఓలే జీవితంలో అతి ముఖ్యమైన వ్యక్తి ఆయన భార్య బెస్ కారీ. వ్యాపార విద్య అభ్యసించిన ఈమె ఓలే వ్యాపార ఉత్తరాలు రాసిపెట్టడంలో సహాయం చేసేది. ఆ పరిచయం స్నేహంగా, స్నేహం ప్రేమగా మారి, 1906లో వారి వివాహం జరిగింది. 1907లో వారికి రాల్ఫ్ అనే కుమారుడు జన్మించాడు.

ఓలే మితభాషి, సిగ్గరి. బెస్ చురుకైనది, లెక్కల్లో గట్టిది. యంత్రం రూపకల్పన భర్త వంతు, దానిని ప్రజలకు చేర్చడం భార్య వంతు అన్నట్లుగా వారి జీవితం సాగింది. తెడ్లను పారవేసి ఎవిన్‌రూడ్ మోటారును వాడమని చెప్పే ప్రసిద్ధ ప్రకటనను రాసినది బెస్సే. సంస్థ ఆర్థిక వ్యవహారాలన్నీ ఆమె చేతి మీదుగానే నడిచేవి. ఆ కాలంలో కర్మాగార నిర్వహణలో స్త్రీకి ఇంతటి పాత్ర ఉండడం అరుదు.

ఐస్‌క్రీము కథ

అవుట్‌బోర్డు మోటారు పుట్టుక గురించి ఒక కథ బహుళ ప్రచారంలో ఉంది. 1906 ప్రాంతంలో ఒక వేసవి దినాన ఓలే, బెస్, వారి మిత్రులు మిల్వాకీకి పడమరగా ఉన్న ఓకాచీ సరస్సుకు వనభోజనానికి వెళ్ళారు. ఎండ తీవ్రంగా ఉంది. బెస్‌కు ఐస్‌క్రీము తినాలనిపించింది. దుకాణం ఆవలి ఒడ్డున, సుమారు రెండున్నర మైళ్ళ (4 కిలోమీటర్ల) దూరంలో ఉంది. ఓలే తెడ్డు పడవలో వెళ్ళి ఐస్‌క్రీము కొని తిరిగి వచ్చేసరికి అది కరిగి నీరైపోయింది. అలసిన చేతులతో తెడ్లు వేస్తున్నప్పుడే పడవకు తగిలించే మోటారు ఆలోచన ఆయనకు తట్టిందని చెబుతారు.

ఈ కథను ఉన్నదున్నట్లుగా స్వీకరించడంలో కొంత జాగ్రత్త అవసరం. సంఘటన జరిగిన సంవత్సరం విషయంలో రచయితల మధ్య ఏకాభిప్రాయం లేదు. పైగా అప్పటికే ఓలే కొన్నేళ్ళుగా చిన్న ఇంజన్లు తయారుచేస్తున్నాడు. కనుక ఆలోచనకు కావలసిన భూమిక అంతకు ముందే సిద్ధమై ఉంది. ఆనాటి ఎండ, ఆ ప్రయాణం దానికి ఒక అవసరాన్ని చూపించాయి అనుకోవడం సమంజసం.

మోటారు నిర్మాణం

ఓలే తన మొదటి పనికివచ్చే మోటారును 1909లో పూర్తిచేశాడు. అది ఇంట్లో కనిపించినప్పుడు కాఫీ గింజలు విసిరే మర వలె ఉందని బెస్ నవ్విందట. మిల్వాకీలోని కిన్నికినిక్ నదిలో బెస్ తమ్ముడితో కలిసి దానిని పరీక్షించగా, తెడ్డు పడవ గంటకు సుమారు 5 మైళ్ళ (8 కిలోమీటర్ల) వేగంతో సాగింది.

మెరుగుపరచిన తరువాత అమ్మకానికి వచ్చిన మోటారు శక్తి 1.5 అశ్వశక్తులు, బరువు 62 పౌండ్లు (28 కిలోగ్రాములు), ధర 62 డాలర్లు. దీని అమరిక ఈ విధంగా ఉండేది:

- పైభాగంలో అడ్డంగా పడుకోబెట్టిన ఒకే సిలిండరు గల రెండు ఘాతాల ఇంజను. దాని క్రాంకు ఇరుసు నిలువుగా ఉంటుంది.
- ఇరుసు పై కొసన బరువైన చక్రం. దానికి ఉన్న పిడిని చేతితో పట్టుకొని గిర్రున తిప్పితే ఇంజను రాజుకొంటుంది.
- క్రాంకు ఇరుసు నుండి నిలువుగా నీటిలోకి దిగే పొడవైన కడ్డీ.
- కడ్డీ అడుగున వాలు పళ్ళ చక్రాలు. ఇవి నిలువు భ్రమణాన్ని అడ్డ భ్రమణంగా మార్చి ప్రొపెల్లరును తిప్పుతాయి.
- ఇంజనును చల్లబరచడానికి సరస్సు నీరే ప్రవహించే ఏర్పాటు.

ఓలే ఆ మోటారును ఒక మిత్రునికి ఎరువిచ్చాడు. అతడు సరస్సుకు వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు పది మోటార్లకు ఆర్డర్లు, వాటి సొమ్ము కూడా తెచ్చాడు. మొదటి విడతగా 25 మోటార్లను చేతితోనే తయారుచేశారు. 1911లో ఓలేకు ఈ యంత్రంపై అమెరికా పేటెంటు లభించింది. నిలువు క్రాంకు ఇరుసు, నిలువు కడ్డీ, అడుగున వాలు పళ్ళ చక్రాలు అనే ఈ అమరిక శతాబ్దం గడిచినా అవుట్‌బోర్డు మోటార్లలో మారలేదు.

వేగం, దిశల అదుపు

పెద్ద ఆవిరి ఓడలలో చుక్కాని పట్టేవాడు ఒకడు, ఇంజను చూసుకొనేవాడు మరొకడు. పైనుండి గంట మోగిస్తే కింద ఇంజన్ గదిలోని వ్యక్తి ఆ సంకేతాన్ని బట్టి వేగాన్ని పెంచడమో, తగ్గించడమో, వెనుకకు తిప్పడమో చేసేవాడు. తెడ్డు పడవలో ఇద్దరికి తావు లేదు. ఒకే మనిషి అన్నీ చేసుకోవాలి. ఓలే మోటారు ఈ సమస్యకు చూపిన పరిష్కారం సులభమైనది. మోటారు కింది భాగమే ప్రక్కలకు తిరుగుతుంది గనుక వేరే చుక్కాని అక్కరలేదు. చేతికర్రను కుడికి నెడితే పడవ ఎడమకు, ఎడమకు నెడితే కుడికి తిరుగుతుంది.

వేగాన్ని మార్చడానికి ఒక చిన్న మీట ఉండేది. కార్లలో ఇంధన ప్రవాహాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్ వంటిది కాదు ఇది. సిలిండరులో నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలో ఇది నిర్ణయిస్తుంది. రవ్వ ముందుగా పుడితే ఇంజను వేగంగా, ఆలస్యంగా పుడితే నెమ్మదిగా తిరుగుతుంది.

గేరు మాత్రం లేదు. ఇంజనుకు, ప్రొపెల్లరుకు నడుమ సంబంధం ఎన్నడూ తెగదు. ఇంజను రాజుకొన్న మరుక్షణమే పడవ ముందుకు కదులుతుంది. అందువల్ల పడవ నడిపేవాడు ముందే పడవ ముక్కును నీటి వైపు తిప్పి, కట్టుతాడు విప్పి, తానూ కుదురుగా కూర్చొని అప్పుడు చక్రం తిప్పాలి. ఒడ్డు చేరేటప్పుడు తగినంత దూరంలోనే ఇంజను ఆపివేసి, మిగిలిన ఊపుతో పడవ మెల్లగా వచ్చి తగిలేలా అంచనా వేసుకోవాలి. అంచనా తప్పితే రేవును గుద్దుకోవడమో, మళ్ళీ తెడ్డు పట్టడమో తప్పదు.

వెనుకకు నడపడానికి ఆ కాలపు తయారీదారులు రెండు ఉపాయాలు కనిపెట్టారు. రెండు ఘాతాల ఇంజను ఏ దిశలోనైనా తిరగగలదు. కనుక రవ్వ పుట్టే సమయాన్ని మార్చి, నెమ్మదిగా తిరుగుతున్న ఇంజను ఎదురు దిశలో తిరిగేలా చేయడం మొదటిది. మొత్తం మోటారునే సగం చుట్టు తిప్పి ప్రొపెల్లరు ముఖాన్ని పడవ వైపు మళ్ళించడం రెండవది. రెండింటికీ అనుభవం, నిబ్బరం కావాలి.

మొదటి ఆవిష్కర్త ఎవరు?

అవుట్‌బోర్డు మోటారును కనిపెట్టినవాడు ఎవిన్‌రూడ్ అని తరచు రాస్తుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ ట్రూవే 1881లోనే పడవ చుక్కానికి విద్యుత్ మోటారును అమర్చి, పారిస్‌లోని సెన్ నదిలో నడిపి చూపాడు. అమెరికాలో 1896లో ఒక కంపెనీ తగిలించే పెట్రోలు మోటార్లను కొద్ది సంఖ్యలో తయారుచేసింది. కామెరాన్ వాటర్‌మన్ అనే అమెరికన్ 1905 నుండి ఇటువంటి మోటారుపై ప్రయోగాలు చేసి, ఎవిన్‌రూడ్ కంటే ముందే అమ్మకాలు ప్రారంభించాడు.

కాబట్టి ఆలోచన ఎవిన్‌రూడ్‌ది మాత్రమే కాదు. సామాన్య జాలరి, వేటగాడు, సెలవుకు వచ్చిన గుమాస్తా సైతం కొని, నమ్మి, నడుపుకోగలిగే యంత్రంగా దానిని తీర్చిదిద్దడమే ఆయన ఘనత.

కంపెనీ ఎదుగుదల, విక్రయం

ఆర్డర్లు పెరగడంతో పెట్టుబడి అవసరమైంది. 1911లో క్రిస్ మేయర్ అనే మిల్వాకీ వ్యాపారి 5,000 డాలర్లతో భాగస్వామిగా చేరాడు. ఈయన ఓడలను లాగే టగ్గు పడవల వ్యాపారి. ఎవిన్‌రూడ్ డిటాచబుల్ రోబోట్ మోటార్ కంపెనీ అనే పేరుతో సంస్థ నడిచింది. ఇక్కడ రోబోట్ అంటే తెడ్డు పడవ అని అర్థం. స్కాండినేవియా దేశాల జాలరుల నుండి పెద్ద ఎత్తున ఆర్డర్లు వచ్చాయి. ఐదేళ్ళ వయస్సులో ఓలే విడిచి వచ్చిన ప్రాంతాలకే ఆయన యంత్రాలు తిరిగి చేరాయి.

వ్యాపారం పెరిగిన కొద్దీ బెస్ మీద భారం పెరిగింది. ఇల్లు, పసివాడు, కార్యాలయం, ప్రకటనలు, లెక్కలు అన్నీ ఒక్కరే చూసుకోవడంతో ఆమె ఆరోగ్యం క్షీణించింది. ఓలే ఎదుట ఇప్పుడు రెండు మార్గాలు మాత్రమే ఉన్నాయి. కంపెనీ అప్పుడప్పుడే లాభాల బాట పడుతోంది. దానిని విడిచిపెడితే తన పేరుతో ఉన్న సంస్థ పరుల పాలవుతుంది. విడిచిపెట్టకపోతే భార్య ఆరోగ్యం దక్కదు. ఓలే 1914లో తన వాటాను 1,37,500 డాలర్లకు మేయర్‌కు అమ్మివేశాడు. ఐదేళ్ళ పాటు అవుట్‌బోర్డు మోటార్ల వ్యాపారం చేయబోనని ఒప్పందం కూడా చేసుకొన్నాడు. ఆ తరువాత భార్యను, కుమారుణ్ణి తీసుకొని కారులో దేశసంచారానికి బయలుదేరాడు. విశ్రాంతితో బెస్ క్రమంగా కోలుకొంది.

ఎల్టో మోటారు

ఒప్పందం ఆయన వ్యాపారాన్ని ఆపింది కాని, ఆలోచనను ఆపలేదు. పాత మోటారులోని ప్రధాన లోపం బరువని, ఒకే సిలిండరు వల్ల కలిగే కుదుపని ఓలేకు బాగా తెలుసు. గడువు ముగిసే నాటికి ఆయన అల్యూమినియం భాగాలతో, ఎదురెదురుగా అమర్చిన రెండు సిలిండర్లతో ఒక కొత్త మోటారును రూపొందించాడు. దాని శక్తి 3 అశ్వశక్తులు, అంటే పాతదానికి రెట్టింపు. బరువు మాత్రం 48 పౌండ్లే (22 కిలోగ్రాములు). పొగను నీటి అడుగున వదిలేలా చేయడంతో చప్పుడు కూడా తగ్గింది. బ్యాటరీతో నడిచే జ్వలన విధానం వల్ల చక్రాన్ని పావు చుట్టు తిప్పినా ఇంజను రాజుకొనేది.

ఓలే ఈ మోటారును ముందుగా మేయర్‌కే చూపాడు. పాత మోటార్లు బాగానే అమ్ముడుపోతున్నాయన్న ధీమాతో మేయర్ దానిని నిరాకరించాడు. దానితో ఓలే, బెస్ మళ్ళీ రంగంలోకి దిగి ఎల్టో అవుట్‌బోర్డ్ మోటార్ కంపెనీని స్థాపించారు. ఎవిన్‌రూడ్ లైట్ ట్విన్ అవుట్‌బోర్డ్ అనే మాటల మొదటి అక్షరాలతో ఎల్టో అనే పేరు కూర్చారు. 1921 నుండి ఎల్టో మోటార్లు అమ్మకానికి వచ్చాయి. తన పేరే పెట్టుకొన్న పాత కంపెనీతో ఓలే పోటీ పడవలసి రావడం ఈ కథలోని వైచిత్రి.

పోటీ అక్కడితో ఆగలేదు. 1922లో జాన్సన్ సోదరులు మరింత తేలికైన మోటారుతో ప్రవేశించి, కొద్ది సంవత్సరాలలోనే వేగవంతమైన నమూనాలతో అమ్మకాలలో ముందుకు దూసుకుపోయారు. ఓలే దీనికి జవాబుగా 1928లో నాలుగు సిలిండర్ల ఎల్టో క్వాడ్‌ను విడుదల చేశాడు. దాని శక్తి 18 అశ్వశక్తులు. ఇరవై ఏళ్ళలోపే ఆయన మోటార్ల శక్తి పన్నెండు రెట్లు పెరిగింది.

విలీనం, ఆర్థిక మాంద్యం

పాత ఎవిన్‌రూడ్ కంపెనీ పలు చేతులు మారి స్టీఫెన్ బ్రిగ్స్ అనే పారిశ్రామికవేత్త అధీనంలోకి వచ్చింది. 1929లో ఎల్టో, ఎవిన్‌రూడ్, లాక్‌వుడ్ కంపెనీలు విలీనమై అవుట్‌బోర్డ్ మోటార్స్ కార్పొరేషన్ ఏర్పడింది. దానికి ఓలే అధ్యక్షుడయ్యాడు. పదిహేనేళ్ళ క్రితం అమ్ముకొన్న తన పేరును ఆయన తిరిగి పొందాడు.

అదే సంవత్సరం చివర అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలి ఆర్థిక మహామాంద్యం ప్రారంభమైంది. విహారానికి వాడే వస్తువును కొనేవారు కరువయ్యారు. కొత్త సంస్థ అప్పుల భారంతో సతమతమైంది. ఓలే ఈ దశలో చిన్నవి, చవకైనవి అయిన మోటార్ల వైపు దృష్టి మరల్చాడు. కుమారుడు రాల్ఫ్ అప్పటికే తండ్రికి చేదోడువాదోడుగా ఉన్నాడు. సంస్థ మూతపడకుండా గట్టెక్కింది.

మరణం

అనారోగ్యంతో చాలా కాలం బాధపడిన బెస్ 1933 మే నెలలో మరణించింది. ఆ తరువాత ఓలే ఎక్కువ కాలం జీవించలేదు. సంవత్సరం తిరిగిన కొద్ది వారాలకే, 1934 జూలై 12న మిల్వాకీలో తన 57వ యేట మరణించాడు.

తండ్రి అనంతరం రాల్ఫ్ ఎవిన్‌రూడ్ సంస్థ బాధ్యతలు స్వీకరించాడు. 1936లో ప్రత్యర్థి జాన్సన్ కంపెనీని కూడా కలుపుకొన్నారు. ఈ సంస్థే 1956లో అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ అయింది. రాల్ఫ్ 1986లో మరణించాడు.

తరువాతి కాలంలో మీటల పరిణామం

ఓలే మోటారులో లేని గేరు ఆయన మరణానంతరం వాడుకలోకి వచ్చింది. 1949లో ఇదే సంస్థ జాన్సన్ పేరుతో వెలువరించిన 10 అశ్వశక్తుల మోటారులో ముందుకు, తటస్థం, వెనుకకు అనే మూడు స్థానాల గేరు, విడిగా పెట్టుకొనే ఇంధన ట్యాంకు ఉన్నాయి. ఆ తరువాత ఈ ఏర్పాటు చిన్న మోటార్లలో సర్వసాధారణమైంది.

ఇందులోని సూత్రం విద్యార్థులకు సులభంగానే బోధపడుతుంది. ప్రొపెల్లరు ఇరుసు మీద ఎదురెదురుగా రెండు పళ్ళ చక్రాలు, వాటి నడుమ జారే ఒక కొక్కెం ఉంటాయి. నిలువు కడ్డీ చివరి చక్రం ఆ రెండింటినీ ఎల్లప్పుడూ వ్యతిరేక దిశలలో తిప్పుతూనే ఉంటుంది. కొక్కెం ముందు చక్రంతో కలిస్తే పడవ ముందుకు, వెనుక చక్రంతో కలిస్తే వెనుకకు పోతుంది. దేనితోను కలవకపోతే ఇంజను తిరుగుతున్నా పడవ నిలిచే ఉంటుంది. ఈ కొక్కెం పళ్ళు అరిగిపోకుండా ఉండాలంటే ఇంజను వేగాన్ని పూర్తిగా తగ్గించిన తరువాతనే గేరు మార్చాలి.

మోటార్లు పెద్దవైన కొద్దీ నడిపేవాడు పడవ ముందు భాగంలో చక్రం పట్టుకొని కూర్చోవడం, కేబుళ్ళ ద్వారా మోటారును అదుపు చేయడం మొదలైంది. ఈ మీటల ఎంపికలో ప్రధానంగా మూడు పద్ధతులు ఉన్నాయి.

- చేతికర్ర పద్ధతి: చేతికర్ర చివరి పిడిని మెలితిప్పితే వేగం మారుతుంది. గేరు మీట మోటారు మీదనో, చేతికర్ర మీదనో ఉంటుంది. చిన్న చేపల పడవలకు ఇది చవక, సులభం.
- ఒకే మీట పద్ధతి: మీట నిటారుగా ఉంటే తటస్థం. ముందుకు నెడితే మొదట గేరు పడి, ఆ తరువాతనే వేగం పెరుగుతుంది. వెనుకకు లాగినా అంతే. అధిక వేగంలో గేరు మార్చే పొరపాటుకు దాదాపు తావుండదు. అందుచేత కొత్తగా నేర్చుకొనేవారికి ఇది క్షేమకరం.
- రెండు మీటల పద్ధతి: గేరుకు ఒకటి, వేగానికి ఒకటి. వేగాన్ని సూక్ష్మంగా సర్దుకోవడానికి వీలుంటుంది. అయితే వేగం తగ్గించకుండా గేరు మార్చకూడదన్న జాగ్రత్త నడిపేవానిదే.

ఏ పద్ధతి ఎంచుకొన్నా మీట మోటారుకు సరిపడినదై ఉండాలి. కేబులు పొడవు సరిగా కొలవాలి, అది పదునైన మలుపులు లేకుండా సాగాలి. గేరులో ఉన్నప్పుడు ఇంజను రాజుకోకుండా అడ్డుకొనే ఏర్పాటు, నడిపేవాడు నీటిలో పడితే ఇంజనును ఆపే తాడు ప్రాణరక్షణకు అత్యవసరం. ఓలే కాలంలో ఇవి రెండూ లేవు. 1960వ దశకంలో అవుట్‌బోర్డ్ మెరైన్ సంస్థ విద్యుత్తుతో గేరు మార్చే మోటార్లను తెచ్చింది. తరువాతి కాలంలో పెద్ద మోటార్లలో కేబుళ్ళ బదులు ఎలక్ట్రానిక్ సంకేతాలతో పనిచేసే మీటలు ప్రవేశించాయి.

వారసత్వం

అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది. 2001లో కెనడాకు చెందిన బొంబార్డియర్ సంస్థ ఎవిన్‌రూడ్, జాన్సన్ పేర్లను కొనుగోలు చేసింది. దాని నుండి విడివడిన బి.ఆర్.పి. సంస్థ 2020 మే నెలలో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. 1909లో ప్రారంభమైన ఒక పేరు ఆ విధంగా 111 సంవత్సరాల తరువాత కొత్త మోటార్ల మీద కనబడకుండా పోయింది.

పేరు మరుగైనా అమరిక నిలిచింది. ఆంధ్రప్రదేశ్ తీరంతో సహా ప్రపంచంలోని అనేక తీరాలలో జాలరులు పడవ వెనుక తగిలించి నడిపే మోటార్లలో ఓలే ఎవిన్‌రూడ్ కూర్చిన నిలువు ఇరుసు, నిలువు కడ్డీ, అడుగున వాలు పళ్ళ చక్రాలే పనిచేస్తున్నాయి. బడి చదువు పూర్తిగా దక్కని ఒక వలస రైతు బిడ్డ, తండ్రి పగులగొట్టిన పడవను మళ్ళీ కట్టుకొన్న పట్టుదలతోనే తన జీవితాన్నీ, వ్యాపారాన్నీ రెండు పర్యాయాలు మొదటినుండి నిర్మించుకొన్నాడు. ఆ రెండు పర్యాయాలూ ఆయన పక్కన బెస్ ఉంది.